బ్యాటరీ గదిలో మా ముగ్గురి సహవాసం

మా సంఘం యువజనులు పత్రిక తెస్తున్నారట. మొన్న ఇద్దరు ఇంటికొచ్చి, "అంకుల్, సహవాసం వల్ల ఆత్మీయ ఎదుగుదల అనే అంశం మీద మీ ఉద్యోగ జీవితంలోంచి ఏదైనా రాసివ్వండి" అన్నారు. సరే అన్నాను. రిటైరైనవాడిని ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడమే గొప్ప. అయితే వాళ్ళకు ఎలాంటిది కావాలో నాకు తెలుసు. ఒక సహోదరుడు నీరసపడతాడు, మిగతా సహోదరులు చుట్టూ చేరి ప్రార్థిస్తారు, అతను లేచి నిలబడతాడు, అందరూ పాట పాడతారు. నా దగ్గర అలాంటి సరుకు లేదు. నా దగ్గర ఉన్నది ఒక మనిషిని కరెంటు పెట్టి చంపబోయి ఆగిన కథ. చంపబోయింది నేనే. ఆ మనిషి నా తోటి విశ్వాసి, ప్రతి బుధవారం నా పక్కన కూర్చుని ప్రార్థన చేసినవాడు. అచ్చేస్తారో, పక్కన పడేస్తారో మీ ఇష్టం.

ఎవరి పేర్లూ రాయను. చాలామంది ఇంకా బతికే ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్లున్నాయి.

నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి కొంచెం లోపలికి ఉండేది మాది. గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టర్‌లో రాయడం, కరెంటు పోయినప్పుడల్లా ఫోన్‌లో తిట్లు తినడం, ఇదీ పని. వనస్థలిపురం నుంచి చేసేవాళ్ళు ఇంగ్లీషులో తిట్టి, చివర నా పేరూ హోదా అడిగేవాళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లలు "అన్నా, రేపు ఎగ్జామ్ అన్నా" అని బతిమాలేవాళ్ళు. కొత్తపేట పండ్ల మార్కెట్ వాళ్ళు ఏమీ అడిగేవాళ్ళు కాదు, నేరుగా మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో నా సహనం పెరిగిందంటే అందులో మార్కెట్ వాళ్ళ వాటా చాలా ఉంది.

ఈ కథకు కావలసిన సాంకేతిక విషయం ఒక్కటే. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ అడగాలి. ఎల్సీ అంటే లైన్ క్లియర్. నేను ఆ ఫీడర్, అంటే ఆ ప్రాంతానికి కరెంటు మోసుకెళ్ళే లైన్, బ్రేకర్ ఆపి, బయట యార్డులో స్విచ్ కూడా తెరిచి లైన్ విడదీసి, "మనుషులు పనిచేస్తున్నారు" అన్న బోర్డు తగిలించి, నంబరు రాసుకుని, ఇచ్చానని చెప్పాలి. పనయ్యాక ఎల్సీ తీసుకున్నవాడే, తన నోటితోనే, అందరూ దిగారని చెప్పి తిరిగి ఇవ్వాలి. అప్పుడే నేను లైన్ ఛార్జ్ చేయాలి, అంటే మళ్ళీ కరెంటు వదలాలి. తీసుకున్నవాడే ఇవ్వాలి, వేరేవాడు ఇవ్వకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చెప్పేది ఇదే. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మాలాంటి పెద్దవాళ్ళకే అప్పుడప్పుడు అర్థం కాదు.

ఇక మా సహవాసం. మేం ముగ్గురం. నేను నల్గొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడినవాడిని. రెండోవాడు మా సెక్షన్ లైన్‌మన్, గుంటూరు వైపు మనిషి, అప్పటికి ఇరవై రెండేళ్ళుగా వనస్థలిపురంలో ఉంటున్నాడు. మూడో మనిషి మా ఆఫీసు అటెండర్. ఆమె భర్త కూడా లైన్‌మనే, లైన్ మీదే పోయాడు. ఆ కారణంగా ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. మా ఇద్దరికన్నా పెద్దది, ఆఫీసంతా ఆమెను అక్క అనేవాళ్ళు. మా పై అధికారి ఏఈ గారు కూడా అక్కా అని పిలిచే టీ అడిగేవాడు.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, టిఫిన్ బాక్సులు తెరవకముందు ఒక అరగంట, బ్యాటరీ గదిలో ప్రార్థన. ఆ గదే ఎందుకంటే అక్కడికి ఎవరూ రారు. యాసిడ్ వాసన. తలుపు తెరిచి పెట్టుకుని, మూడు స్టూళ్ళు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఒకరు వాక్యం చదవాలి, ఒకరు ప్రార్థన చేయాలి, ఇంకొకరు ఆ వారంలో చేసిన తప్పొకటి చెప్పాలి. ఈ చివరిది అక్క పెట్టిన నియమం. "ఆదివారం నాడు అందరం పరిశుద్ధులమే. బుధారం నాడన్న మనుషుల్లెక్క ఉందాం" అనేది. మొదట్లో మేం చిన్నచిన్నవి చెప్పి తప్పించుకునేవాళ్ళం. కోపం వచ్చిందనో, ప్రార్థనలో నిద్రపోయాననో. అక్క ఊరుకునేది కాదు. "గది తప్పు గాదు, గది అలవాటు. తప్పు చెప్పు" అనేది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. రోజు విడిచి రోజు బందో, రాస్తారోకోనో. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎప్పుడు చూసినా టైర్లు కాలుతూ ఉండేవి. మా ఆఫీసులో నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్ళు ఒకవైపు, పెట్టుకోనివాళ్ళు ఒకవైపు కూర్చుని అన్నం తినేవాళ్ళు. నేను బ్యాడ్జీ పెట్టుకున్నాను. నా దృష్టిలో అది న్యాయమైన పోరాటమే, ఇప్పటికీ నా మాట అదే. తప్పు అక్కడ జరగలేదు. తప్పు ఉద్యమాన్ని ప్రార్థనలోకి తీసుకొచ్చిన దగ్గర జరిగింది.

ఒక బుధవారం నేను కళ్ళు మూసుకుని గట్టిగా, "ప్రభువా, ఐగుప్తు బానిసత్వంలోంచి నీ జనులను విడిపించినట్టు మా తెలంగాణను కూడా విడిపించు తండ్రీ" అని ప్రార్థించాను. ఐగుప్తు ఎవరో చెప్పనక్కర్లేదు, పక్క స్టూలు మీదే కూర్చుని ఉంది. పైవారం అతని వంతు వచ్చింది. "ప్రభువా, నీ శరీరం ఒక్కటే. ఇంటిని చీల్చాలని చూసేవాళ్ళ మనసులు నువ్వే మార్చు తండ్రీ" అన్నాడు. ఆ పైవారం నేను "మోసంతో పంటలు కోసుకుపోయేవాళ్ళను" గురించి దేవుడికి వివరంగా చెప్పాను. ఆ పైవారం అతను "కష్టపడి పైకొచ్చినవాళ్ళను చూసి అసూయపడేవాళ్ళ" గురించి చెప్పాడు. దేవుడితో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతూ పక్కవాడికి వాత పెట్టడం ఒక కళ. విశ్వాసుల్లో ఇది బాగా తెలిసిన కళే. మీ ఇళ్ళలో కుటుంబ ప్రార్థనలు గుర్తు తెచ్చుకోండి, అత్తాకోడళ్ళున్న ఇళ్ళయితే మరీ.

నెల రోజులు విన్నాక అక్క ప్రార్థన వంతు వచ్చింది. "ప్రభువా, గీ ఇద్దరి లొల్లి నువ్వే ఇను. నాతోని అయితలేదు. ఆమెన్" అంది. అంత చిన్న ప్రార్థన నా జీవితంలో ఇంకోటి వినలేదు.

ఆ తర్వాత వచ్చిన బంద్ రోజు కూడా బుధవారమే. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అతను వనస్థలిపురం నుంచి నడిచి వచ్చాడు. చెమటతో తడిసిపోయి వచ్చి స్టూలు మీద కూలబడి, "మీ బంద్ పుణ్యమా అని కాళ్ళు పడిపోయాయి బ్రదర్" అన్నాడు. నిజానికి నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ పూట నవ్వు రాలేదు. మా చిన్నబ్బాయి ముందురోజే ఏదో పరీక్ష తప్పాడు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపంతో ఉన్నాను. మనిషి ఎదురుగా దొరికాడు.

"నడవబుద్ధి గాకుంటె మీ ఊరికి పోరాదు? ఎవడు రమ్మన్నడు నిన్ను? మా పోరగాండ్ల నౌకర్లు తిని మాకే నీతులు చెప్తవా?" అన్నాను.

అతను తెరవబోయిన టిఫిన్ బాక్సు మూత మళ్ళీ నొక్కి, సంచిలో పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. అక్క నా వంక చూసింది. నేను గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసిన "పొగ త్రాగరాదు" వైపు చూశాను.

అప్పటినుంచి నాలుగు నెలలు మా మధ్య మాటల్లేవు. కానీ బుధవారం ప్రార్థన మానలేదు సుమా. ఇద్దరం వచ్చేవాళ్ళం. "వందనాలు బ్రదర్" అంటే "వందనాలు బ్రదర్" అనుకునేవాళ్ళం. వారానికి ఆ ఒక్క మాటే. "అతన్ని క్షమించినవా తమ్మీ?" అని అక్క అడిగితే నేను, "అక్కా, నేను ఎప్పుడో క్షమించిన. మాట్లాడనంతే" అన్నాను. తప్పు నాదైతే క్షమించింది కూడా నేనే, చూడండి ఎంత ఉదారంగా ఉన్నానో. అతన్ని అడిగితే అతనూ అదే అన్నాడట. క్షమించడం వేరు, మాట్లాడటం వేరు అన్న ఈ సిద్ధాంతం ఏ వేదాంత కళాశాలలోనూ చెప్పరు గానీ, ప్రతి సంఘంలోనూ దీంట్లో పట్టభద్రులు ఉంటారు.

మాటలు లేకుండా ఎల్సీ ఎలా? దానికీ దారి కనిపెట్టాం. మా ఇద్దరికీ మధ్య లైన్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. హనుమంతుడి భక్తుడు, మంగళవారం గడ్డం కూడా గీసుకోడు, మంచి మనిషి. లైన్‌మన్ ఎల్సీ కావాలని ఇన్‌స్పెక్టర్‌కు చెప్పేవాడు, ఇన్‌స్పెక్టర్ నాకు ఫోన్ చేసేవాడు. రిటర్న్ కూడా అంతే. రిజిస్టర్‌లో మాత్రం అతనే తీసుకున్నట్టు, అతనే ఇచ్చినట్టు నేను గుండ్రని అక్షరాలతో రాసేవాడిని.

"ఏంది సార్ మీ కథ?" అని ఇన్‌స్పెక్టర్ విసుక్కునేవాడు. "మీ దేవుడు గడప గడపకు తిరిగి ప్రేమించమని చెప్పిండంటరు. మీరేమో ఫోన్ల గూడ మాట్లాడుకోరు. మీ నడుమ నేనేమన్న పెండ్లి పెద్దనా?" నేను నవ్వి ఊరుకునేవాడిని. నాలుగు నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మాకు ధైర్యం ఇచ్చింది.

ఇక ఆ రోజు. మామిడిపండ్ల కాలం, బుధవారమే. ముందురోజు సాయంత్రం వచ్చిన గాలిదుమారానికి కొత్తపేట మార్కెట్ పక్క రోడ్డులో కట్టిన ఉద్యమం ఫ్లెక్సీ ఒకటి తాళ్ళు తెంపుకుని మా లైన్ మీద పడింది. మనిషికి మూడింతలుంది, నిండా నాయకుల బొమ్మలు. పొద్దున అది లైన్‌కు చుట్టుకుని ఫీడర్ ట్రిప్ అయి కరెంటు పోయింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు, నేను ఎల్సీ ఇచ్చాను, లైన్‌మన్ స్తంభం ఎక్కాడు.

ఆ తర్వాత అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. కింద జనం పోగయ్యారు. లైన్‌మన్ మాట తీరు విని ఎటువైపువాడో పోల్చుకున్నారు. "ఫ్లెక్సీ చినిగిందంటె మంచిగుండదు" అని ఒకడు అరిచాడు. కోసి పడేస్తే పది నిమిషాల్లో అయ్యే పనిని అతను కోయకుండా, చింపకుండా, మెల్లగా ముడులు విప్పుకుంటూ గంటన్నర చేశాడు. చివరికి ఫ్లెక్సీ కిందికి వచ్చింది. అతనూ దిగడం మొదలుపెట్టాడు. అవతల మార్కెట్ వాళ్ళు కరెంటు కోసం ఇన్‌స్పెక్టర్‌ను తినేస్తున్నారు. ఆయన పైనున్నవాడి రక్షణ కోసం పక్క స్తంభం దగ్గర వేసిన ఎర్త్ రాడ్లు తీయించేసి, అటు తిరిగి నాకు ఫోన్ చేశాడు.

"సార్, అయిపోయింది. మనిషి దిగుతున్నడు. ఎల్సీ రిటర్న్ రాసుకో."

దిగుతున్నాడు అన్నాడు. దిగాడు అనలేదు. ఆ తేడా నా చెవికి తగల్లేదు. రిటర్న్ రాశాను, టైము వేశాను. యార్డులోకి వెళ్ళి బోర్డు తీశాను, స్విచ్ కలిపాను. తిరిగి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి బ్రేకర్ హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. అదొక్కటి తిప్పితే లైన్‌లోకి కరెంటు వస్తుంది.

"ఒంటిగంట దాటింది, గాయన రాలేదేంది?" అంటూ అక్క తలుపు దగ్గర నిలబడింది. చేతిలో స్టూళ్ళు తుడిచే గుడ్డ.

"వస్తున్నడక్కా. పని అయిపోయింది. ఎల్సీ రిటర్న్ అయింది."

"నీతోని మాట్లాడిండా?" ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. పాపం, మేం కలిసిపోయాం అనుకుంది.

"ఆయనెందుకు మాట్లాడ్తడు? ఇన్‌స్పెక్టర్ చెప్పిండు."

అక్క లోపలికి వచ్చింది. నా చేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా, గోళ్ళు దిగేలా పట్టుకుంది. "మా ఇంటాయన పోయిన్నాడు గూడ గిట్లనే, ఎవరో చెప్పిండ్రంట" అంది. "ఆయన నోటితోని ఇన్నవా? ఇనకుంటె తిప్పకు. ఫోన్ చెయ్."

నాలుగు నెలల తర్వాత అతని నంబరు నొక్కాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కూడా నాకు భయం కన్నా నామోషీయే ఎక్కువగా ఉంది. ముందు నేను ఫోన్ చేస్తే తగ్గినట్టవుతుందేమోనని. రింగయింది, కట్ చేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్.

"సూసినవా? కింద ఉన్నడు గనుకనే కట్ చేస్తున్నడు" అన్నాను.

"కోపం ఉన్నోడు కింద ఉన్నా కట్ చేస్తడు, మీద ఉన్నా కట్ చేస్తడు. మల్ల చెయ్."

మూడోసారి ఎత్తాడు. "ఏంటి?" అన్నాడు.

"యాడున్నవ్?"

"ఎక్కడుంటాను? స్తంభం మీద. గాలికి చినిగిన మీ నాయకుడి మొహం ముక్క ఒకటి ఇన్సులేటర్‌కి చుట్టుకుని ఉండిపోయింది. అదీ కావాలంటున్నారు కింద. మళ్ళీ ఎక్కా. ఎందుకు?"

చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీయాలని తెలుసు, వేళ్ళు రావడం లేదు. అక్కే ఒక్కొక్కటిగా విడదీసింది. చివరికి "ఏం లే. మెల్లగ తియ్. దిగినంక నువ్వే ఫోన్ చెయ్, ఇంకెవ్వరు చెయ్యొద్దు" అని పెట్టేశాను. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. "ముందుగాల పోయి ఆ స్విచ్ తెరువు, బోర్డు పెట్టు. ఏడ్సుడు తర్వాత" అంది. వెళ్ళి చేశాను.

ఇరవై నిమిషాలకు అతనే ఫోన్ చేశాడు. "ఎల్సీ రిటర్న్. అందరూ దిగారు. నేనూ దిగాను" అన్నాడు, అంతే. అతనికి ఏమీ తెలియదు. ఇన్‌స్పెక్టర్‌కు తెలియదు. రిజిస్టర్‌లో ముందు రాసిన రిటర్న్ కొట్టేసి సంతకం పెట్టాను, అలాంటి కొట్టివేతలు ఏ రిజిస్టర్‌లోనైనా ఉంటాయి. తెలిసిన మనిషి అక్క ఒక్కతే.

"నేనెవ్వరికి చెప్ప తమ్మీ" అంది ఇంటికి వెళ్తూ. "నువ్వు చెప్తవ్."

చెప్పాను. ఎక్కడ చెప్పానో, ఎలా చెప్పానో వినండి. ఆ తర్వాతి ఆదివారం మా కొత్తపేట సంఘంలో సాక్ష్యాల సమయంలో లేచి మైకు పట్టుకున్నాను. ఒక సహోదరుడు స్తంభం మీద ఉండగా నేను పొరపాటున కరెంటు ఇవ్వబోయాననీ, నా చెయ్యి హ్యాండిల్ మీద ఉండగా లోపలినుంచి ఒక స్వరం "ఆగు" అందనీ చెప్పాను. అక్క చేతిలో గుడ్డతో సహా స్వరంగా మారిపోయింది. నాలుగు నెలల మౌనం సాక్ష్యంలోంచి మాయమైంది. నేను అతన్ని అన్న మాటైతే అసలు పుట్టనే లేదు. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. పాస్టర్ గారు నా భుజం తట్టి, "ఆత్మ స్వరాన్ని వినే చెవులు మనందరికీ కావాలి" అన్నారు. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికి వెళ్ళేసరికి నేను కూడా ఆ స్వరాన్ని దాదాపు నమ్మేశాను.

పిల్లలూ, మీరు అడిగిన ఆత్మీయ ఎదుగుదల సంగతి ఇక్కడే ఉంది, రాసుకోండి. నాలుగు వందల మంది మధ్య మనిషి ఎంతైనా దాక్కోవచ్చు. మంచి చొక్కా వేసుకుని, పాట గట్టిగా పాడితే చాలు, ఎవరూ ఏమీ అడగరు. మూడు స్టూళ్ళున్న గదిలో దాక్కోవడానికి చోటు లేదు.

బుధవారం వచ్చింది. వాక్యం అయింది. తప్పు చెప్పే వంతు నాది. నేను గొంతు సవరించుకుంటుండగా అక్క అడ్డుపడింది. "తమ్మీ, ఆయితారం నాడు మీ సంఘంల సాక్ష్యం చెప్పినవంట. మా ఆడబిడ్డ అక్కడికే ఒస్తది, చెప్పింది. గదే సాక్ష్యం గిక్కడ గూడ చెప్పు. నా గొంతు ఆత్మ గొంతు లెక్క ఎట్ల ఉందో జర నేను గూడ ఇనాలె."

లైన్‌మన్ తలెత్తి చూశాడు. ఏ సాక్ష్యమో, ఎవరి గురించో అతనికి తెలియదు. నేను పారిపోదామనుకున్నాను. తలుపు అక్క వెనకాల ఉంది.

చెప్పాను. ఈసారి మొత్తం చెప్పాను. ఇన్‌స్పెక్టర్ ఫోన్, రాసిన రిటర్న్, తీసిన బోర్డు, కలిపిన స్విచ్, హ్యాండిల్ మీద చెయ్యి, దాని మీద అక్క చెయ్యి. చెబుతున్నంతసేపూ అతను తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. చివర్లో, "నీ మీద కోపంతోని నేను నిన్ను చంపుతుంటి బ్రదర్" అన్నాను. అది అనడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత మెల్లగా అన్నాడు. "మొదటి రెండుసార్లు ఫోన్ కట్ చేసింది కావాలనే. నీ నంబరే అని చూసే చేశా. స్తంభం మీద ఉన్నవాడు సబ్‌స్టేషన్ ఫోన్ కట్ చేస్తాడా ఎవడైనా? నేను చేశా. నీతో మాట్లాడటం కన్నా..." ఆగిపోయాడు. "మూడోది ఎందుకు ఎత్తానో కూడా తెలీదు. తిడదామనుకుని ఎత్తినట్టున్నా."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు కౌగిలించుకుంటాం కాబోలు అనుకున్నాను, నేను కొంచెం ముందుకు కూడా వంగాను. అతను వంగలేదు.

"నాకు కోపం పోలేదు" అన్నాడు. "ఊరికి పొమ్మన్నావు. ఏ ఊరికి పోవాలి? మా పెద్దది ఇక్కడే పుట్టింది. మా అమ్మని ఇక్కడే సమాధి చేశాం. అక్కడ మాకు ఇల్లు కూడా లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ కొత్తపేటలో నేను ఎక్కని స్తంభం లేదు, నువ్వు ఎల్సీ ఇవ్వని రోజు లేదు. రాష్ట్రం కావాలని అడుగు, అది నీ హక్కు. నన్ను పొమ్మనడం ఏంటి?"

ఉద్యమం గురించి నా దగ్గర వంద జవాబులున్నాయి, ఈ ప్రశ్నకు ఒక్కటీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"రేపటినుంచి ఎల్సీ నేనే అడుగుతా, నువ్వే ఇవ్వు" అన్నాడు లేస్తూ. "ఏఈ గారికి జరిగింది చెప్పు. ఇంకోటి. చప్పట్లు కొట్టించుకున్న చోటికే వెళ్ళి అసలు సంగతి కూడా చెప్పు. ఆదివారం నేనొస్తా. ముందు వరసలో కూర్చుంటా. ఒక్క ముక్క వదిలేసినా లేచి నిలబడతా."

"నేను గూడ ఒస్తా" అంది అక్క.

మర్నాడు ఏఈ గారికి చెప్పాను. ఆయన ముందు తెల్లబోయి, తర్వాత తిట్టి, ఆ తర్వాత మెమో ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్‌కూ ఒకటి ఇచ్చాడు. "మీ మతంల మీరు మాట్లాడుకోకుంటె మెమో నాకెందుకొస్తది సార్?" అన్నాడాయన, అది న్యాయమైన ప్రశ్నే. అదే రోజు పది గంటలకు లైన్‌మన్ ఫోన్ వచ్చింది. ఎల్సీ నంబరు రాసుకున్నాక కూడా పెట్టలేదు. పొద్దున పేపర్లో ఎవరో నాయకుడు అన్న మాట మీద ఐదు నిమిషాలు పోట్లాడాడు. నేనూ పోట్లాడాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆదివారం. అన్నమాట ప్రకారం ముందు వరసలో ఇద్దరూ. అతను తెల్ల చొక్కా, చేతులు కట్టుకుని. అక్క పట్టుచీర. నేను సాక్ష్యాల సమయంలో లేస్తే పాస్టర్ గారు సంతోషంగా మైకు ఇచ్చారు. పోయినవారం రుచి మరిగారు కదా.

చెప్పాను. స్వరం లేదనీ, ఆ స్వరం ఇదిగో ఈ పట్టుచీర కట్టుకున్న అటెండరమ్మదనీ చెప్పాను. ఇద్దరం నాలుగు నెలలు మాట్లాడుకోలేదనీ, రిజిస్టర్‌లో అబద్ధం రాశాననీ, ఆ బోర్డు తీసింది నేనేననీ, తప్పంతా నాదేననీ చెప్పాను. అతను ఫోన్ కట్ చేసిన సంగతి చెప్పలేదు. అది అతని తప్పు, నేనెందుకు చెప్పాలి? ఇంకోటి కూడా చెప్పలేదు. మాటలు ఎందుకు ఆగిపోయాయో చెప్పలేదు. "ఏదో మాటా మాటా వచ్చి" అన్నాను. ఎందుకంటే ఆ హాల్లో ఉన్నవాళ్ళు సగానికి పైగా మావాళ్ళే, నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్ళే. వాళ్ళ ముందు ఆ మాట చెప్పుకోవడానికి నోరు రాలేదు. చప్పట్లు లేవు. పాస్టర్ గారు గబగబా మైకు అందుకోబోయారు.

అతను లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్పినా అతని తప్పేమీ లేదు, ముందే చెప్పి మరీ వచ్చాడు.

"అయ్యగారూ, ఒక్క మాట" అన్నాడు. "ఈయన ఒకటి వదిలేశాడు. ఈయన ఫోన్ చేస్తే నేను రెండుసార్లు కట్ చేశానండి. పైనుండి. కావాలనే. తప్పంతా తనదే అన్నాడు, అది నిజం కాదు. నాదీ ఉంది." అని కూర్చున్నాడు. నేను అతన్ని అన్న మాట ఎత్తలేదు. ఎత్తడానికి అంత అవకాశం, అంత హక్కు ఉండి కూడా ఎత్తలేదు.

పాస్టర్ గారి చేతిలోకి వెళ్ళబోతున్న మైకును నేను మళ్ళీ లాక్కున్నాను. నేను అతన్ని ఏమన్నానో, ఎలా అన్నానో, ఆ మాటలన్నీ, ఊరికి పొమ్మన్నదీ, నౌకర్లు తిన్నావన్నదీ, ఉన్నదున్నట్టు చెప్పాను. హాల్లో చాలామంది తలలు దించుకున్నారు. ఆ నెలల్లో ఆ మాట ఎవరో ఒకరితో అననివాళ్ళు అక్కడ తక్కువే ఉండి ఉంటారు. అనిపించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, వెనక వరసల్లో.

మైకు ఇచ్చేసి దిగాను. నా పాత చోటికి, మగవాళ్ళ వైపు ఐదో వరసకు వెళ్దామనుకున్నాను. ముందు వరస దాటుతుంటే అతను పక్క కుర్చీ మీద ఉన్న తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కూర్చో బ్రదర్" అన్నాడు, నా వైపు చూడకుండానే. "ఇక్కడ ఫ్యాన్ గాలి వస్తుంది."